నాన్న కుడి చేతికి ఓ ఫర్మ్‌వేర్

తెనాలిలో మా నాన్నకి చిన్న టైపింగ్ షాపు ఉంది. అర్జీలు, దరఖాస్తులు, అద్దె అగ్రిమెంట్లు... ఏళ్ల తరబడి ఇదే పని. కిందటేడు పక్షవాతం వచ్చింది. నడక కుదుటపడింది గానీ ఎడమ చేతి వేళ్లు మాట వినట్లేదు. "షాపు అద్దెకి ఇచ్చేద్దాంరా" అన్నారు ఓ రోజు.

నాన్న కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ లేఔట్. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమవైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడివైపు ఉంటాయి. కుడి చేత్తో 'క' కొట్టొచ్చు. 'కి' కావాలంటే మాత్రం చెయ్యి మొత్తం అటు జరగాలి. ప్రతి మాటకీ ఇదే తంటా.

నాకు మెకానికల్ కీబోర్డుల పిచ్చి. వీటిలో చాలావాటికి క్యూఎంకే అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు. ఏ మీట ఏం చెయ్యాలో మనమే సీ భాషలో రాసి, కంపైల్ చేసి, కీబోర్డు చిప్‌లోకి ఎక్కించుకోవచ్చు. అందులో 'స్వాప్ హ్యాండ్స్' అనే ఫీచర్ ఉంది. స్పేస్‌బార్ నొక్కి వదిలితే మామూలు స్పేస్. నొక్కి పట్టుకుంటే కుడివైపు మీటలు అద్దంలో చూసినట్టు ఎడమవైపు మీటల్లా పనిచేస్తాయి. 'ర' మీట గుడి అవుతుంది, 'క' మీట పొల్లు అవుతుంది.

ఏ మీటకి ఏది జతో పట్టిక రాశాను. కంపైల్ చేస్తే ఎర్రర్! ఎక్కడో కామా మర్చిపోయా. రెండోసారి ఫైలు తయారైంది. నా కీబోర్డులో ఉన్నది ఆర్‌పీ2040 చిప్. బూట్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, యూఎఫ్2 ఫైలు అందులో కాపీ చేస్తే చాలు. తప్పు ఫైలు ఎక్కినా కంగారు లేదు. ఆ బూట్ ప్రోగ్రామ్ చిప్‌లో చెరిగిపోకుండా ఉంటుంది, మళ్లీ ఎక్కించుకోవచ్చు.

నాన్న 'గిరి' అని కొట్టారు. తెర మీద 'గురు' అని వచ్చింది!

"బాగుందిరా, నీ కీబోర్డు నా తప్పులు కూడా దిద్దుతోంది" అని నవ్వారు. తప్పు నాదే. పట్టికలో నిలువు వరుసలు సున్నా నుంచి లెక్కపెట్టాలి, నేను ఒకటి నుంచి పెట్టాను. గుణింతాలన్నీ ఒక మీట పక్కకి జరిగిపోయాయి.

అది సరిచేస్తే మాటలన్నీ అతుక్కుపోవడం మొదలైంది. ఎందుకా అని నాన్న చెయ్యి చూస్తూ కూర్చున్నా. ఆయన బొటనవేలు స్పేస్‌బార్ మీంచి లేవడం ఆలస్యమవుతోంది. మామూలుగా 200 మిల్లీసెకన్లు దాటితే ఫర్మ్‌వేర్ దాన్ని 'నొక్కి పట్టుకోవడం' అనుకుంటుంది. చిన్నప్పుడు చూశాను, అవతలి మనిషి చెప్పడం అయ్యేసరికి నాన్న టైపింగ్ కూడా అయిపోయేది. ఆ వేళ్ల కోసం ఇప్పుడు నేను 350 అని రాస్తుంటే గొంతు పట్టేసింది. ఏమీ అనకుండా కంపైల్ కొట్టాను. షిఫ్ట్ కూడా ఒకసారి నొక్కి వదిలితే తర్వాతి అక్షరానికి వర్తించేలా మార్చాను.

షాపు బోర్డు దించలేదు. రోజుకి రెండు మూడు అర్జీలు వస్తున్నాయట. మొన్న రాత్రి ఫోన్ చేశారు.

"ఒరేయ్, ఆ 350ని 300 చెయ్యి. స్పేస్‌బార్ దగ్గర ఊరికే ఆగాల్సి వస్తోంది."