చెప్పని గుండె

"బండికి అడ్డంగా గేదె వచ్చిందండి. చచ్చాననుకున్నా. ఈ గుండె మాత్రం కిక్కురుమనలేదు. పక్కకాపి మంచినీళ్లు తాగాక, అప్పుడు మొదలెట్టిందండి దడదడా కొట్టుకోవడం!"

గుండె మార్పిడి అయిన ఏడాదికి ఒక పేషెంటు చెప్పిన సంగతి. మా పాఠ్యపుస్తకాలు కూడా ఇంత బాగా చెప్పవు. దాత నుంచి గుండె తీసేటప్పుడు నరాలు తెగిపోతాయి. రక్తనాళాలు కుట్టగలం గానీ ఆ నరాలు కలపలేం. మెదడు ఎంత కంగారుపడ్డా, రక్తంలో అడ్రినలిన్ వచ్చి చేరేదాకా ఆ గుండెకు కబురు అందదు. పగ్గం వేసే నరం కూడా లేదు కనుక ఊరికే కూర్చున్నా నిమిషానికి 90, 100 సార్లు కొట్టుకుంటుంది.

దీంతో ఇంకో చిక్కుంది. గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నా చాలామందికి ఛాతీ నొప్పి తెలియదు. అందుకే నొప్పి లేకపోయినా యాంజియోగ్రామ్‌కి రమ్మంటాం. "బాగానే ఉన్నాగా" అని విసుక్కుంటారు.

జనం అడిగేదంతా ఆపరేషన్ గురించే. ట్రాఫిక్ ఆపి నాలుగు గంటల్లోపు గుండెను చేర్చడం టీవీలో చూడ్డానికి బాగుంటుంది. 2021లో హైదరాబాద్‌లో మెట్రో రైల్లో కూడా తెచ్చారు. కానీ 1967లో కేప్‌టౌన్‌లో డాక్టర్ బర్నార్డ్ ప్రపంచంలో తొలిసారి మనిషి గుండెను మార్చి పెట్టిన రోగి వాష్కాన్‌స్కీ 18 రోజులకే న్యుమోనియాతో పోయాడు. పరాయి గుండెను ఒళ్లు తరిమేయకుండా ఇచ్చిన మందులే అతని రోగనిరోధక శక్తిని దెబ్బతీశాయి. 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మన రాజమండ్రి వేణుగోపాల్ గారు దేశంలో తొలి విజయం సాధించేనాటికి మెరుగైన మందులొచ్చాయి. అయినా ఈ మందులతో మాది ఇప్పటికీ కత్తిమీద సామే.

గేదె సంగతి చెప్పినతనే అంతకు ఆరు నెలల ముందు ఆయాసంతో వచ్చాడు. మెడ సిరలోంచి తీగ పంపి, గుండె కండ నుంచి నూకలంత ముక్కలు తీసి పరీక్షిస్తే, ఒళ్లు గుండె మీద తిరగబడిందని తేలింది. మూడు రోజుల స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో దారికొచ్చింది. రాత్రి బిళ్ల మానేశాడని తెలిసి గట్టిగా కోప్పడ్డాను. తల వంచుకు కూర్చున్నాడే గానీ నోరు విప్పలేదు. అతను బయటికి వెళ్లాక, భార్య తలుపు దగ్గర ఆగింది.

"రెండు పూటలా కొనలేక ఒక పూటే వేసుకుంటున్నారండి. మీతో చెప్పొద్దన్నారు."

సిగ్గేసింది. మందు పేరు, మోతాదు, వేళ అన్నీ చెప్పాను. కొనగలవా అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు స్టెతస్కోపు పెట్టేముందే ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా మందులున్నాయో అడుగుతున్నాను. మేం అడగడం మరిచిపోతే మీరే చెప్పండి, మొహమాటపడకుండా. మానేశాక కాదు, మానేముందే.