ఏడు పాయింట్లు, టచ్‌డౌన్ లేదు

7–3 అన్న స్కోరు చూస్తే అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లెవరైనా ఒక టచ్‌డౌన్, అవతల ఒక ఫీల్డ్ గోల్ అనుకుంటారు. 2022 సెప్టెంబర్ 3న అయోవా విశ్వవిద్యాలయం జట్టు సౌత్ డకోటా స్టేట్‌ను ఓడించిన స్కోరు అది. కానీ ఆ ఏడులో టచ్‌డౌన్ లేదు. మూడు పాయింట్లు ఫీల్డ్ గోల్‌వి. మిగతా నాలుగూ డిఫెన్స్ తెచ్చిపెట్టినవి. బంతి చేతిలో ఉన్న ప్రత్యర్థిని అతని సొంత గోల్ గీత వెనకే పడగొడితే ‘సేఫ్టీ’ అంటారు, దానికి రెండు పాయింట్లు. ఆ రోజు అయోవా కుర్రాళ్లు ఆ పని రెండుసార్లు చేశారు. పాయింట్లు సాధించడం ఎవరి పనో ఆ అఫెన్స్ మాత్రం ఆటంతా కలిపి 166 గజాలు కదిలింది.

మేముండేది సీడర్ ర్యాపిడ్స్‌లో. అక్కడి నుంచి కిన్నిక్ స్టేడియానికి అరగంట ప్రయాణం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. గెలిచిన జట్టు అభిమానులు అంత మౌనంగా కార్ల దాకా నడిచి వెళ్లడం నేనెక్కడా చూడలేదు.

ఈ ఆటలో అఫెన్స్ వేరు, డిఫెన్స్ వేరు. ఒక పదకొండు మంది బంతి తీసుకుని ముందుకు వెళ్తారు, ఇంకో పదకొండు మంది ప్రత్యర్థిని ఆపుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు కదిలితే బంతి మన దగ్గరే ఉంటుంది. లేకపోతే పంటర్ వచ్చి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగిస్తాడు. క్రికెట్లో మన బ్యాటర్లు వరసగా చేతులెత్తేస్తుంటే చెమటైనా ఆరకముందే బౌలర్లు మళ్లీ బంతి పట్టుకోవాల్సి వస్తుంది చూడండి, 2022లో అయోవా డిఫెన్స్ అచ్చంగా అలాగే బతికింది. వాళ్లు ఆటకు సగటున ఇచ్చింది 13.3 పాయింట్లు. దేశంలో అంతకంటే తక్కువ ఇచ్చిన జట్టు ఇలినాయ్ ఒక్కటే. అఫెన్స్ కదిలిన గజాల లెక్కలో చూస్తే పై డివిజన్‌లోని 131 జట్లలో అయోవాది 130వ స్థానం.

అంతకు ముందు ఏడాది ఇదే జట్టు పది ఆటలు గెలిచింది. అక్టోబర్‌లో కొన్నాళ్లు దేశంలో రెండో ర్యాంకులో నిలిచింది. అందుకే 2022 చివర్లో 8 గెలుపులు, 5 ఓటములు అన్న లెక్క బయటివాళ్లకు ఫరవాలేదనిపించినా ఇక్కడివాళ్లకు మింగుడుపడలేదు.

ఆ సీజన్లో జనం మనసారా కేరింతలు కొట్టింది పంటర్ టోరీ టేలర్‌ను చూసే. మెల్‌బోర్న్ నుంచి వచ్చినవాడు. ఆ మొదటి ఆటలోనే పదిసార్లు తన్నాడు. బంతి ఎక్కడ పడాలనుకున్నాడో అక్కడే పడేది, ప్రత్యర్థి గోల్ గీతకు కాస్త ఇవతల. అతని పేరుతో టీ షర్టులు కూడా అమ్మారు. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు కాబట్టి ఆ డబ్బు తను తీసుకోవడానికి లేదు, సేవా సంస్థకు ఇచ్చేశాడు. ఎఫ్-1 వీసా మీద ఇక్కడ చదువుకునే మన పిల్లలకు ఈ కట్టుబాటు బాగా తెలుసు. టేలర్ అంటే నాకూ ఇష్టమే. కాని బంతిని వదులుకునేవాడే జట్టులో హీరో అయ్యాడంటే, బంతిని ముందుకు తీసుకెళ్లాల్సినవాళ్ల పరిస్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

జనం కోపమంతా పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ పెట్రస్ మీద పడింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పొడగరి, ఏడో నంబర్ చొక్కా. ఆ రోజు 25 పాసులు వేస్తే 11 అందాయి. మా వెనక వరసలో ఒకాయన మూడో క్వార్టర్ నుంచీ ‘వాణ్ణి బెంచి మీద కూచోబెట్టండి’ అని అరుస్తూనే ఉన్నాడు. పక్కన తొమ్మిది పదేళ్ల మనవడు, వాడూ అదే మాట అందుకున్నాడు.

నాకు బాధ వేసింది ఇక్కడే. మొదటి క్వార్టర్ అయిపోగానే ఈ స్టేడియంలో అందరూ లేచి నిలబడతారు. పక్కనే పిల్లల ఆస్పత్రి ఉంది, పై అంతస్తు కిటికీల దగ్గర జబ్బుపడ్డ పిల్లలు ఆట చూస్తుంటారు. 2017 నుంచి దాదాపు డెబ్భై వేల మంది వాళ్లవైపు తిరిగి చేతులూపుతున్నారు. ఆటగాళ్లు, కోచ్‌లు, అవతలి జట్టువాళ్లు కూడా. ఆ పెద్దాయన కూడా మనవణ్ణి ఎత్తుకుని చెయ్యి ఊపించాడు. గంట తిరిగేసరికి అదే గొంతుతో ఒక విద్యార్థిని తిడుతున్నాడు.

ఆ రోజు జరిగిన ఒక్క ఘట్టం వివరంగా చెబుతాను. మూడో ప్రయత్నం, ఇంకా ఎనిమిది గజాలు పోవాలి. బంతి వెనక్కి రాగానే పెట్రస్ అయిదడుగులు వెనక్కి వేశాడు. ముందు వరస కుడివైపు తెరుచుకుపోయింది. ఎవరి మీదికి ఎవరు వెళ్లాలో తేల్చుకునేలోగానే ఒకడు సందులోంచి దూరాడు. పెట్రస్ ఎడమవైపు చూశాడు. పాసు అందుకోవాల్సిన రిసీవర్ ఇంకా పరుగులోనే ఉన్నాడు, తల తిప్పలేదు. ఆ క్షణంలో అతనికి రెండే దారులు: బంతి పట్టుకుని నేలకరవడం, లేదా తిరగని మనిషి వీపు మీదికి విసరడం. విసిరాడు. బంతి గడ్డిలో పడింది. ఈలలు, కేకలు. స్టాండ్స్ నుంచి చూస్తే తప్పు విసిరినవాడిదే. వరస ఎందుకు తెరుచుకుందో, రిసీవర్ ఎందుకు తిరగలేదో అక్కడి నుంచి కనిపించదు.

ముందు వరస మధ్యలో నిలబడే టైలర్ లిండర్‌బామ్ ఆ వేసవిలోనే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు, బాల్టిమోర్ మొదటి రౌండ్‌లోనే ఎంచుకుంది. రిసీవర్ చార్లీ జోన్స్ పర్‌డ్యూ విశ్వవిద్యాలయం జట్టుకు మారిపోయాడు. అయోవాలో ముందటి ఏడాది అతని చేతికి వచ్చిన పాసులు 21. పర్‌డ్యూలో అదే మనిషి ఒక్క సీజన్లో 110 పట్టాడు, 1,361 గజాలు. ఏడాదిలో మనిషికి కొత్త చేతులు రావు కదా. మారింది ఆ చేతులకు బంతి అందించిన పద్ధతి.

అయోవాలో ఆ పద్ధతి ఎవరి చేతిలో ఉండేది? 1999 నుంచి కర్క్ ఫెరెంట్జ్ ప్రధాన కోచ్. 2017 నుంచి 2023 దాకా అఫెన్స్ బాధ్యత ఆయన కొడుకు బ్రయన్‌ది. బంధుత్వ నిబంధనల వల్ల కొడుకు తండ్రి కింద కాకుండా కాగితం మీద క్రీడా విభాగం డైరెక్టర్ కింద పనిచేసేవాడు. కర్క్ ఫెరెంట్జ్‌ను నేను గౌరవిస్తాను. ఆయన తయారుచేసిన డిఫెన్స్‌లు, ఆయన దగ్గర మనుషులైన కుర్రాళ్లు తక్కువేం కాదు. అయినా కొడుకు పని బాగోలేదని తండ్రి తీర్పు చెప్పాల్సిన స్థితి ఎప్పుడూ రాకూడదు, తండ్రికీ మంచిది కాదు, కొడుకుకీ కాదు. దానికి మూల్యం చెల్లించింది పెట్రస్. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు.

2022 అక్టోబర్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 54–10తో ఓటమి. అయోవాకు దక్కిన ఒక్క టచ్‌డౌన్ కూడా డిఫెన్స్‌దే. ఆఖర్న నవంబర్ 25న నెబ్రాస్కా వచ్చింది, అప్పటికి మూడే గెలిచిన జట్టు. గెలిస్తే అయోవాకు తమ లీగ్‌లోని వెస్ట్ డివిజన్ టైటిల్. మొదటి సగంలోనే పెట్రస్ భుజానికి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. ఒక దశలో 24–0 వెనకబడి, చివరికి 24–17తో ఓడారు. టైటిల్ పర్‌డ్యూకు పోయింది, చార్లీ జోన్స్ ఉన్న పర్‌డ్యూకు.

2023కు బ్రయన్ కాంట్రాక్టు తిరగరాశారు. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకు తగ్గించారు, ఆటకు సగటున 25 పాయింట్లు రావాలని షరతు పెట్టారు. డిఫెన్స్ సాధించినవి కూడా ఆ లెక్కలోకి వస్తాయి! అఫెన్స్ కోచ్ పనితనాన్ని ఇంకొకళ్ల కష్టంతో కలిపి కొలవడం నాకు అప్పుడూ నచ్చలేదు. ఆ ఏడాది జట్టు పది ఆటలు గెలిచింది, సగటు మాత్రం 15.4. సీజన్ మధ్యలోనే, అక్టోబర్ చివర్లో, బ్రయన్ వచ్చే ఏడాది ఉండడని ప్రకటించారు.

తర్వాత బ్రయన్ స్థానంలో టిమ్ లెస్టర్ వచ్చాడు. 2024లో సగటు 27 దాటింది. రన్నింగ్ బ్యాక్ కేలబ్ జాన్సన్ 1,537 గజాలు పరిగెత్తాడు. ఇతను కొత్తగా వచ్చినవాడేం కాదు. 2022లో మొదటి సంవత్సరం కుర్రాడుగా ఆ జట్టులోనే ఉన్నాడు, పర్‌డ్యూ మీద ఒక్క రోజే 200 గజాలు తీశాడు.

పెట్రస్ 2023 అంతా భుజం బాగుచేసుకుంటూ అయోవాలోనే ఉండి, తన చోట ఆడే కుర్రాళ్లకు సాయం చేశాడు. 2024లో యూటా స్టేట్‌కు వెళ్లి మళ్లీ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఆ ఏడాది వీలు దొరికినప్పుడల్లా నేను వాళ్ల ఆటలు కూడా చూశాను.