నాటిన మొక్కకు మూడేండ్లు

"మొక్కలు నాటడమే మీ వృత్తి. ఎంత అదృష్టవంతులండీ, నాటిన ప్రతి మొక్కా సదఖయె జారియా!" అని బంధువులు మాతో తరచుగా అంటూ ఉంటారు. వారి సద్భావనకు కృతజ్ఞులము. కాని మా వృత్తిలో మొక్కను నాటినందుకు డబ్బు వస్తుంది, బతికించినందుకు రాదు. వచ్చినా బహు స్వల్పం. విశాఖపట్నంలో అన్నదమ్ములం ఇద్దరమూ, మా ఇంటి ఆడవారూ కలిసి నడుపుకుంటున్న ఈ చిన్న తోటపని కాంట్రాక్టులోని కష్టమంతా ఆ ఒక్క తేడాలోనే ఉన్నది.

తోటపనికి కూడా లైసెన్సు ఉంటుందా అని ఆశ్చర్యపోయేవారున్నారు. ఉంటుంది. ప్రభుత్వ పనులకు టెండరు వేయాలంటే కాంట్రాక్టరుగా నమోదు, జీఎస్టీ నంబరు, పీఎఫ్, ఈఎస్ఐ కోడ్లు అన్నీ చూపవలసిందే. మేము పని ఆరంభించిన నాటికి 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇరవై మంది, అంతకు మించి కూలీలను పెట్టే కాంట్రాక్టరు లైసెన్సు పొందాలని నిర్దేశించింది. ఇక చెట్టును కొట్టవలసి వస్తే 2002 నాటి వాల్టా చట్టం క్రింద అనుమతి కావాలి. "నా స్థలం, నా చెట్టు" అని ఇంటి యజమాని ఎంత గట్టిగా చెప్పినా ఆ కాగితం లేనిదే మేము గొడ్డలి పట్టము. పాఠకులలో స్వంత ఇళ్లున్నవారు ఈ సంగతి గుర్తుంచుకొనడం మంచిది.

మా నగరం మొక్కలకు సులువైన ఊరు కాదు. తూర్పున సముద్రం నుండి ఉప్పుగాలి వీస్తుంది. రేవు వైపున బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి ఆకులపై పొరలా పేరుకుంటుంది. అక్కడి మొక్కలకు పాదులో నీరు పోస్తే చాలదు, ఆకులను కూడా కడగాలి. గుట్టల వాలులో మూడడుగుల గొయ్యి తవ్వేసరికి గునపానికి రాయి తగులుతుంది. మొక్కలేమో ఎక్కువగా గోదావరి ఒండ్రునేల మీది కడియం నర్సరీల నుండి వస్తాయి. అక్కడి జిగురుమట్టి ముద్దలో పెరిగిన వేళ్లు ఇక్కడి ఎర్ర గరపనేలలోకి వెంటనే దిగవు, ఆ ముద్దలోనే చుట్టుకుంటూ ఉండిపోతాయి. అందుచేత లారీ దిగిన మొక్కలను నెల రోజులు మా యార్డులో ఉంచి, గత్తం, ఇసుక, ఎర్రమట్టి కలిపిన సంచులలోకి మార్చి, ఆ తరువాతనే నాటుతాము. ఈ నెల రోజుల ఖర్చుకు టెండరు పత్రంలో ఏ పద్దూ లేదు.

2014 అక్టోబరు 12న వచ్చిన తుపాను మాకు చాలా నేర్పింది. దానికి హుద్‌హుద్ అని పేరు పెట్టినది ఒమాన్ దేశం. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతంలో వినే పక్షి పేరు తుపానుకు ఎందుకు పెట్టారని అప్పట్లో మా పిల్లలు పదే పదే అడిగేవారు. గంటకు 170–180 కిలోమీటర్ల గాలికి నగరమంతటా చెట్లు కూలిపోయాయి. నిద్రగన్నేరు, తురాయి వంటి విశాలమైన కొమ్మలవి, వేళ్లు పైపైనే పరచుకున్నవి ఎక్కువగా పోయాయి. తాటిచెట్లు చాలావరకు నిలబడ్డాయి. ఆనాటి నుండి తీరం వైపు పొన్న, గంగరావి, లోపలి వీధులలో వేప, కానుగ వేయమని అడుగుతున్నాము. మా మాట అన్నివేళలా చెల్లదు. త్వరగా పచ్చగా కనిపించే మొక్క కావాలంటారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసి వచ్చిన మన సోదరులైతే అక్కడి రహదారుల పక్కన చూచిన కోనోకార్పస్ కంచె కావాలని పట్టుబడతారు. ఆ చెట్టు వేళ్లు నీటి గొట్టాలను, మురుగు కాలువలను వెతుక్కుంటూ పోతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటరాదని నిషేధించింది. ఈ మాట చెప్పి కొన్ని పనులు పోగొట్టుకున్నాము, అందుకు విచారం లేదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉన్నది. అధికారి వచ్చి మొక్కలు లెక్కించి కొలతల పుస్తకంలో వ్రాస్తేనే బిల్లు. ఆ రోజుకు మొక్క పచ్చగా ఉంటే చాలు. మార్చిలోగా నిధులు ఖర్చు కావాలన్న తొందరలో ఎండలు ముదిరే వేళ నాటించి, జూన్ వానలు రాకముందే సగం మొక్కలు ఎండిపోయిన పనులు మేము చూచాము. ఎండినవాటి స్థానంలో లెక్క రోజుకు ముందు రాత్రి చౌక మొక్కలు గుచ్చేవారు కూడా ఉన్నారు. మొక్క తనంతట తాను నిలబడడానికి మా అనుభవంలో మూడు వేసవులు పడుతుంది. ట్యాంకరు నీరు, వెదురు బొంగు, చెదమందు, కలుపుతీత, కావలి, ఇవన్నీ ఆ మూడేండ్ల ఖర్చు. టెండరులో అందరికంటే తక్కువ రేటు వేసినవాడు దీనిని ఎక్కడి నుండి తెస్తాడు? తేలేడు. కూలీల జీతంలోనో, నీటిలోనో కోత పెడతాడు.

పెందుర్తి, గాజువాకల నుండి వచ్చే మా కూలీలలో ఆడవారే ఎక్కువ. కూలీ డబ్బు ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధను ఈ పత్రిక పాఠకులకు మేము గుర్తు చేయనవసరం లేదు. ప్రతి శనివారం సాయంత్రం వారి చేతిలో డబ్బు పడాలి. మాకు రావలసినది మాత్రం ఒక కార్యాలయం నుండి పదకొండు నెలలకు వచ్చింది. ఇటువంటప్పుడు తోటి కాంట్రాక్టర్లు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుతో నెట్టుకువస్తారు. వడ్డీ మాకు నిషిద్ధం. కనుక ఇద్దరు బంధువులను భాగస్వాములుగా చేర్చుకున్నాము. లాభంలో ఎవరికెంత వంతో, నష్టం వస్తే పెట్టుబడిని బట్టి ఎవరెంత భరించాలో సాక్షుల ఎదుట వ్రాసుకున్నాము. తుపాను ఏడు మా సంరక్షణలోని మొక్కలన్నీ పోయాయి. ఒప్పందం ప్రకారం తిరిగి నాటే భారం మాదే. ఆ నష్టం చూచి ఒకరు మర్యాదగా లెక్క తేల్చుకొని తప్పుకున్నారు, మరొకరు నేటికీ ఉన్నారు. ఆనాటి శనివారాలు వదినగారి గాజులు అమ్మిన డబ్బుతో గడిచాయి. అవి తిరిగి కొనడానికి నాలుగేండ్లు పట్టింది. ఆ ఋణం ఏ కాగితం మీదా లేదు.

బీకాం చదివిన మా పెద్దమ్మాయి వాదన వేరు. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం 45 రోజులకు మించి బాకీ నిలపరాదంటున్నది, నిలిపిన యెడల రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ చెల్లించమంటున్నది. "ఆ వడ్డీ మనకు వద్దు అబ్బా, అసలు కోసమైనా ఫిర్యాదు చేద్దాం. ఊరుకుంటే నష్టం మన ఒక్కరిది కాదు, కూలీలది కూడా" అంటుంది. ఆ చట్టం కాంట్రాక్టు పనులకు వర్తిస్తుందా అన్నదానిపై న్యాయస్థానాలలో వివాదం నడిచింది. పైగా ఫిర్యాదు చేసినవానికి మరల పని దొరుకుతుందా అని మా భయం. ఆమె దీనిని భయమని ఒప్పుకోదు, అలవాటు అంటుంది. ఈ చర్చ మా ఇంట ఇంకా తెగలేదు.

ఈ నెలాఖరుకు ఒక రహదారి మధ్య భాగపు పనికి టెండరు వేయవలసి ఉన్నది. కిందటిసారి అటువంటిదే అంచనా విలువకు నాలుగో వంతు తగ్గించి ఒకరు దక్కించుకున్నారు. వదినగారు ఒక్కొక్క మొక్కకు మూడేండ్ల నీటి ఖర్చు విడిగా లెక్కవేసి కాగితం మా ముందు పెట్టారు. ఆమె వేసిన రేటుకే వేస్తాము, ఒక్క రూపాయి తగ్గించము. పని రాకపోతే రెండు అపార్టుమెంటుల సంరక్షణ చేతిలో ఉన్నది, కూలీలలో సగం మందికి దానితో పని దొరుకుతుంది. మిగిలిన సగం మందికి ఏం చెప్పాలో ఇంకా నిర్ణయించుకోలేదు. యార్డులో పొన్న మొక్కలు నడుము ఎత్తుకు వచ్చాయి, జూన్‌లో వానలు పడగానే ఎక్కడో ఒకచోట వాటిని నేలలో పెట్టాలి.