ఎర్ర డబ్బాకు ఎర్ర రాయి

ఇరవై యేళ్ళుగా సుద్దముక్క పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా అది యెక్కడ, యెవరి చేతుల్లో తయారవుతుందో ఆలోచించిన పాపాన పోలేదు. మొన్న వేసవి సెలవుల్లో టోకియోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరకు వెళ్ళాను. "గుళ్ళూ గోపురాలూ తరవాత చూద్దువుగాని అన్నయ్యా, నీ వృత్తికి సంబంధించిన చోటొకటి వుంది" అంటూ వాడు నన్ను కవాసాకి తీసుకువెళ్ళాడు.

కవాసాకి టోకియోకు దక్షిణాన, తామా నది దాటగానే వచ్చే కార్ఖానాల పట్టణం. అక్కడ నంబు లైను రైలెక్కి కుజి అనే స్టేషనులో దిగాము. నిహోన్ రికగాకు వారి సుద్దముక్కల కార్ఖానా అక్కడే. మా తమ్ముడు ముందుగానే అనుమతి తీసుకుని వుంచాడు.

ఈ సంస్థ 1937లో పుట్టింది. ఇక్కడి పనివారిలో సుమారు 70 శాతం బుద్ధిమాంద్యం వున్నవారు. అంకెలు చదవలేనివారూ, గడియారం చూడడం రానివారూ వీరిలో వున్నారు. మరి పాళ్ళు తప్పకుండా సుద్ద యెలా కలుపుతారంటారా? చూడవలసిన వింత అదే.

ఎర్ర డబ్బాలోని పొడికి ఎర్ర తూకపురాయి. నీలం డబ్బాకు నీలం రాయి. త్రాసు సమంగా నిలిస్తే చాలు, గ్రాముల ప్రసక్తే లేదు. కలిపే యంత్రానికి ఇసుక గడియారం తోడు. ఇసుకంతా జారిపోయిందా, యంత్రం ఆపెయ్యాలి. వీధిలో ఎర్రదీపం, పచ్చదీపం గుర్తుపట్టి ఒంటరిగా నడిచి వచ్చేవారు డబ్బాల రంగులు మాత్రం పోల్చుకోలేరా అన్న ఆలోచన నుంచి ఈ యేర్పాటు పుట్టిందట.

దీనికి వెనక ఒక కథ వుంది. 1959లో ఒక ప్రత్యేక పాఠశాల ఉపాధ్యాయుడు వచ్చి తన విద్యార్థినులకు పని ఇమ్మని అడిగాడు. సంస్థ స్థాపకుని కుమారుడు ఓయామా యసుహిరో కాదన్నారు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కాదన్నారు. మూడోసారి ఆ ఉపాధ్యాయుడు ఉద్యోగం అడగలేదు. పని అంటే యేమిటో జీవితంలో ఒక్కసారి వాళ్ళను తెలుసుకోనివ్వండి, చాలునన్నాడు. అలా రెండు వారాలకని ఇద్దరమ్మాయిలు వచ్చారు. భోజనం గంట కొట్టినా తల యెత్తేవారు కారట! గడువు తీరేసరికి తోటి పనివారే, వాళ్ళను వుంచుకోండి, మేము సాయపడతాము అని అడిగారు. 1960లో ఇద్దరూ ఉద్యోగస్థులయ్యారు.

చట్టాలు లేకపోలేదు. జపానులో ప్రైవేటు సంస్థలు తీసుకోవలసిన వికలాంగుల వంతును 2024లో 2.5 శాతానికి పెంచారు. మన దేశంలో 2016 నాటి చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. అయితే చట్టం మనిషిని గుమ్మం దాకా తీసుకురాగలదు. లోపలికి వచ్చాక ఎర్ర రాయి చేతికందించవలసింది యజమానే.

ఆ కార్ఖానాలో నిలబడి వుండగా మా అక్కయ్య మాట చెవిలో గింగురుమన్నది. మా మేనల్లుడికి పందొమ్మిదేళ్ళు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బళ్ళు చూస్తూంటాడు. "నీకు నలుగురూ తెలుసు కదరా తమ్ముడూ, వాడికేదైనా పని చూడరా" అని ప్రతి సంక్రాంతికీ అడుగుతుంది. "చూద్దాంలే అక్కయ్యా" అని నేను మాట తప్పిస్తాను. పదిదాకా లెక్కపెట్టలేనివాడికి పని యెవరిస్తారని నా ధీమా. నిజానికి నేను యెవరినీ అడిగిందే లేదు!

రాజమండ్రి చేరగానే మా వీధిలో కాగితం కవర్లు చేయించే ఆసామి దగ్గరకు వెళ్ళాను. వారు కవర్లను యాభై చొప్పున కట్టలు కడతారు. సరిగ్గా యాభై పట్టే చెక్కపెట్టె ఒకటి చేయించి ఆయన ముందు పెట్టాను. పెట్టె నిండితే ఒక కట్ట అన్నమాట. ఆయన దాన్ని అటూ యిటూ తిప్పి చూశాడు.

"రెండు వారాలు చూద్దాం మాస్టారూ."

"మరి కూలీ?"

"అందరికీ ఇచ్చినట్టే, కట్టకింత."

మొన్న సోమవారం వాడు పనికి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు అక్కయ్య ఫోను చేసింది.

"ఒరేయ్, ఆఖరి పెట్టె నిండలేదట. వాడు ఇంటికి రానంటున్నాడు. నువ్వొచ్చి చెప్పరా!"