లైబ్రరీ ఉద్యోగానికి అప్లికేషన్లు



జూలైలో మా లైబ్రేరియన్ మేడమ్, రిటర్న్ వచ్చిన పుస్తకాలు సర్దడానికి ఆరుగురు పిల్లల్ని చూసిపెట్టమన్నారు. వారానికి రెండు రోజులు, లంచ్ తర్వాత ఇరవై నిమిషాలు. జీతం లేదు, బ్యాడ్జి మాత్రం ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి 31 అప్లికేషన్లు వచ్చాయి.

నేను ఇంగ్లిష్ టీచర్ని కదా, ఎర్ర పెన్ను తీశాను. గ్రామర్ బాగున్న ఆరు ఏరి, పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టేశాను. అందులో ఒకటి 'ఐ యామ్ ఎ హైలీ మోటివేటెడ్ ఇండివిడ్యువల్' అని మొదలవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు అలా రాస్తాడా? ఇంట్లో ఎవరు రాసిచ్చారో నేను అడగలేదు లెండి.

లైబ్రేరియన్ మేడమ్ నవ్వారు. "వీళ్లు ఉత్తరాలు రాయాలా, పుస్తకాలు సర్దాలా? ఆ పనే చేయించి చూడమ్మా" అన్నారు. అప్పుడు మా అన్నయ్య గుర్తొచ్చాడు. అమెరికాలో ఎంఎస్ చేస్తూ యూనివర్సిటీ లైబ్రరీలో పనికి వెళ్తే, ముందు ఒక ట్రాలీ పుస్తకాలిచ్చి వరసలో పెట్టమన్నారట. అక్కడ చదువుకునే మన పిల్లలకి సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనే అనుమతి. ఆ కొద్ది పనికీ ఈ పరీక్ష.

లిస్టు తీసేసి 31 మందినీ మళ్లీ పిలిచాను. ఒక్కొక్కరికి పది పుస్తకాలు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన నంబర్ల పద్ధతే మా లైబ్రరీలోనూ ఉంది. లెక్కలకి 510, తెలుగు సాహిత్యానికి 894.827, అలా. చిక్కంతా చుక్క తర్వాతే. 510.2 ముందా, 510.12 ముందా? "రెండు కన్నా పన్నెండు పెద్దది కదా మిస్" అన్నారు చాలామంది. చుక్క తర్వాత ఒక్కో అంకె చూసుకుంటూ పోవాలి. 510.12 ముందు వస్తుంది. చిన్న క్లాసుల్లో చెప్పుకున్న దశాంశాలే ఇవి.

నేను ఏరిన ఆరుగురిలో ఇద్దరే సరిగ్గా పెట్టారు.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అప్లికేషన్‌లో రెండే లైన్లు. 'లైబ్రరీ' స్పెల్లింగ్ కూడా తప్పే. నేను మొదట్లోనే తీసేసిన కాగితం అది. తనని పిలిస్తే గుమ్మం దగ్గరే ఆగి "లిస్టులో నా పేరు లేదుగా మిస్" అంది. తప్పు నాదే అని చెప్పి లోపలికి రమ్మన్నాను. పది పుస్తకాలూ మూడు నిమిషాల్లో సర్దేసింది. అంతటితో ఆగకుండా, పై అరలో ఎప్పట్నుంచో తప్పుగా ఉన్న పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నాన్న మెడికల్ షాపులో చేస్తారు మిస్. ఆదివారం ర్యాకులు నేనే సర్దుతా."

మరుసటి రోజు కొత్త లిస్టు పెట్టాం. తన పేరే మొదట ఉంది.

రెండో టర్మ్‌కి మళ్లీ ఆరుగురు కావాలి. నాలుగు లైన్లు చాలు, తెలుగులో రాసినా తీసుకుంటాం. చేతిరాత మాత్రం మీ పిల్లలదే ఉండాలి. వచ్చేముందు దశాంశాలు ఒకసారి చూసుకోమనండి.