గునుగు పూలూ థర్మకోల్ షీటూ

కొత్తగూడెంలో చాలా ఇళ్లలో గడియారం బొగ్గుబాయి డ్యూటీని బట్టి తిరుగుతుంది. రుద్రంపూర్, గౌతంపూర్, రామవరం క్వార్టర్లలో ఇంటాయనది మొదటి షిఫ్టయితే తెల్లారకముందే పొయ్యి వెలగాలి. రెండో షిఫ్టయితే పిల్లలు పడుకున్నాక మళ్లీ వడ్డన ఉంటుంది. నైట్ షిఫ్టయితే పగలంతా ఆయన నిద్ర చెడకుండా పిల్లల గొంతులకు కాపలా కాయాలి. ఈ మూడింటి మధ్య బడి, ట్యూషన్, నీళ్లు, బట్టలు. ఇంత పనిలోకి రాత్రి అన్నాలప్పుడు ఒక కబురు వస్తుంది: "అమ్మా, రేపటికి ప్రాజెక్టు తెమ్మన్నారు." థర్మకోల్ షీటు, ఫెవికాల్, స్కెచ్ పెన్నులు బయటికొస్తాయి. కాసేపటికి పిల్లాడు నిద్రలోకి జారుకుంటాడు, శనిగ్రహానికి వలయం అతికించే పని అమ్మకు మిగులుతుంది. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, కాబట్టి మానెయ్యడానికీ లేదు. పిల్లల చేతికి పని చెప్పాలన్న మంచి ఆలోచన చివరికి అమ్మ చేతిమీద పడింది.

పిల్లలతో రోజూ ఒక అరగంట కూర్చుని ఏదైనా బొమ్మో పువ్వో చేయించమని తల్లులకు సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఆ అరగంట ఎక్కడినుంచి తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టేవారు. అదే పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటల చాకిరీ మీద ఇంకో అరగంట ఎక్కించాలంటే అది నిద్రలోంచే రావాలి. అందుకే, పిల్లల చేతిపని కోసం వేరే వేళ, వేరే సామాను వెతకడం దండగ అంటాను. ఇంట్లో ఎలాగూ జరిగే పనిలో పిల్లలకు నిజమైన వాటా ఇస్తే చాలు. నిజమైనదేదో తేల్చడానికి ఒకటే గీటురాయి: ఆ పని పిల్లాడు చేయకపోతే ఎక్కడో ఒకచోట వెలితి కనబడాలి. థర్మకోల్ శనిగ్రహం లేకపోతే మార్కులు తగ్గుతాయేమో గానీ, ఇంట్లో దానికోసం ఎదురుచూసేవాళ్లు ఉండరు.

అలాంటి వాటా ఎలా ఉంటుందో మన దగ్గర బతుకమ్మ పేర్చేటప్పుడు చూడొచ్చు. ఎంగిలిపూల అమావాస్య నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, అదీ దసరా సెలవుల్లో. ఊరు దాటి అడవి అంచుకు పోతే గునుగు, తంగేడు చేతికందుతాయి. గునుగు తెచ్చినంత మాత్రాన పేర్చడానికి పనికిరాదు. కాడలన్నీ ఒకే పొడవుకు కోయాలి, గుప్పెడు గుప్పెడు కలిపి దారంతో కట్టాలి, కొసలను రంగు నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. కట్ట వదులైతే పేర్చేటప్పుడు పువ్వు జారుతుంది, కాడ పొట్టిదైతే వరసలో సొట్ట పడుతుంది. తాంబాళంలో ఆకులు పరిచి, అంచు వెంట తంగేడు, దానిపైన గునుగు, బంతి పేర్చుకుంటూ పోతూ నడిమి బోలులో ఆకు, కాడల ముక్కలు కూరుతారు. ఈ కూరే పని సాధారణంగా పిల్లలకు అప్పజెబుతారు, చిన్న పనే కదా అని. నిజానికి బరువు మోసేది అదే. లోపల గట్టిగా కూరకపోతే సాయంత్రం ఆట దగ్గరికి ఎత్తుకుపోయేసరికి బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక్కో వరస కిందిదానికన్నా ఎంత లోపలికి జరగాలో, మొదటి చుట్టు ఇంత వెడల్పయితే ఎత్తు ఎంత వస్తుందో పదేళ్ల పిల్లకు చేతికి తెలిసిపోతుంది. శంకువు పాఠం బడిలో ఆ తరవాత ఎప్పుడో వస్తుంది. ఎవరూ మార్కులు వేయరు, తప్పు మాత్రం పొద్దు గుంకేలోపు అందరికీ కనబడుతుంది.

పిల్లలను కలుపుకుంటే పని రెండింతలవుతుందని తల్లులు అంటారు. మొదట్లో అవుతుంది, కాదనను. వాళ్లు వంకరగా కోసిన కాడలు మళ్లీ కోసుకోవాల్సి వస్తుంది. కానీ ప్రాజెక్టుల విషయంలో ఏ ఏడు చార్టు ఆ ఏడు కొత్తే, నిరుడు పెట్టిన శ్రమ ఈసారి అక్కరకు రాదు. గునుగు కట్టడం నేర్చిన పిల్ల మరుసటి ఏడు చెల్లెలికి నేర్పుతుంది, అమ్మ ఆ మేరకు తప్పుకుంటుంది. దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది. పిల్లల చేత పని చేయించడాన్ని ఇంత మెచ్చుకుంటే బాలకార్మికత్వానికి తలుపు తీసినట్టు కాదా? ఈ జిల్లాలో ఈ ప్రశ్నను పక్కకు నెట్టలేం. ఏప్రిల్, మే నెలల్లో చర్ల, దుమ్ముగూడెం వైపు తునికాకు సేకరణ సాగుతుంది. యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టాలి, కట్టకింత అని డబ్బులిస్తారు. ఆ లెక్క, ఆ ముడి గునుగు కట్టే చేతి నేర్పులాంటివే. నేను పెట్టిన గీటురాయి ప్రకారం చూస్తే, పిల్లాడు లేకపోతే అక్కడ వెలితి ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ ఒక్క కొలత చాలదు, రెండోది కూడా కావాలి: విసుగొచ్చినప్పుడు పిల్లాడు లేచి ఆడుకోవడానికి పోగలగాలి, పోయినా ఇంటి బువ్వకు లోటు రాకూడదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బడి వేళల తరవాత, సెలవుల్లో కుటుంబ వృత్తికి పిల్లలు సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చారు. ఇంటివాళ్ల మధ్య జరిగినంత మాత్రాన ఏ పనైనా చల్లనిదేనన్న ఆ నమ్మకం నాకు లేదు. ఎండాకాలం పొద్దున్నే లేచి ఆకు కోసే పిల్లకు లేచిపోయే వీలు లేదు.

మగపిల్లల సంగతి మిగిలింది. ఇంటిపనిలో వాటా అనగానే అది ఆడపిల్ల నెత్తికే చుట్టుకుంటుందన్న భయం ఉత్తది కాదు. 299కీ 97కీ మధ్య తేడా పుట్టేది చిన్నప్పుడే. బతుకమ్మలో పూలు తేవడం మగవాళ్ల పనిగా, పేర్చడం ఆడవాళ్ల పనిగా చాలా ఇళ్లలో పంచుకుంటారు. ఆ పంపకం అంతటితో ఆగనక్కర్లేదు. తంగేడు తెచ్చి అరుగుమీద పడేసి పోయే కొడుకును రంగు గిన్నె దగ్గర కూర్చోబెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. నైట్ షిఫ్టు దిగి నిద్ర లేచిన తండ్రి కాడలు కోస్తూ పక్కన కూర్చుంటే కొడుక్కి వేరే చెప్పే పనే ఉండదు.

బడి కూడా కొంచెం దిగిరావాలి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు సంచి లేకుండా, స్థానిక వృత్తులవాళ్ల దగ్గర పని చూసే అవకాశం ఇమ్మంది. అంత దూరం పోలేకపోతే దసరా సెలవులకు ఇచ్చే ప్రాజెక్టునైనా మార్చవచ్చు: మీ ఇంటి బతుకమ్మలో ఎన్ని వరసలు వచ్చాయి, కింది వరసకు ఎన్ని కట్టలు పట్టాయి, పై వరసకు ఎన్ని సరిపోయాయి, ఎవరు ఏ పని చేశారు, రాసుకు రమ్మంటే చాలు. ఆ కాగితం అమ్మ చేత రాయించినా, ఎవరు ఏ పని చేశారన్న ప్రశ్న దగ్గర ఇంటిల్లిపాదీ ఒకసారి ఆగాల్సి వస్తుంది.