నిజాం కానుక, నాయనమ్మ లెక్క

మాది జనగామ. నాకు ఫోటోల పిచ్చి, అందులోనూ పాత యుద్ధ విమానాలంటే మరీ. అందుకే లండన్‌లో ఎమ్మెస్ చదివే అక్కను పట్టుబట్టి ఆర్‌ఏఎఫ్ మ్యూజియానికి పంపిన. "డీహెచ్ 9ఏ, నంబర్ ఎఫ్1010. పక్క నుంచి తియ్యి, అక్షరాలు పడాలె" అని వీడియో కాల్‌లో సతాయించిన.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో కొన్న బాంబర్లలో అదొకటి. ఆ దళం పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918 అక్టోబరులో ఈ విమానం జర్మన్లకు చిక్కింది. బెర్లిన్, పోలండ్ తిరిగి 1977లో బ్రిటన్ చేరింది. 'నిజాం కానుక' అని ఇంగ్లీషులో ఇప్పటికీ దాని ఒంటి మీద ఉంది.

ఫోటో బాగా వచ్చింది. మురుసుకుంటూ మానుకోటలో ఉండే నాయనమ్మకు చూపించిన. కళ్లజోడు సవరించుకొని, "కానుకనా? ఆయనేమన్న నాగలి దున్నిండా బిడ్డా? శిస్తు కట్టింది మా తాతలు గాదా?" అన్నది.

నాకు మాట రాలేదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి... అప్పుడన్నీ ఆయన రాజ్యమే కదా.

ఆ ఫోటో ఇప్పుడు నా హాస్టల్ గోడ మీదుంది. కింద నాయనమ్మ వాళ్ల తాత పేరు రాసి పెట్టిన.